ఎండలో మనుషులు: ఆయిల్ రంగుల మీద పాఠకుల ప్రశ్నలు

పొలంలో ఎండ, ఆ ఎండలో పనిచేసే మనుషులు, ఇంప్రెషనిస్టుల (ఆరుబయటి వెలుగుని కనిపించినట్టు వేసిన పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుల) పద్ధతిలో ఆయిల్ రంగులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరిగాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఎండ పడే చోట తెలుపు ఎంత కలిపినా వెలుగు రావడం లేదు. పైగా సున్నం కొట్టినట్టు పాలిపోతోంది. మంచి ట్యూబులే వాడుతున్నాను. లోపం ఎక్కడ ఉంది? – మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: లోపం నీడలో ఉంది. ట్యూబులోంచి వచ్చే తెలుపు ఎంత తెల్లనిదైనా మధ్యాహ్నం ఎండలో ఆరేసిన పంచె ముందు దిగదుడుపే. కాబట్టి బొమ్మలో వెలుగు తెలుపు వల్ల రాదు, దాని పక్కనున్న నీడ ఎంత దిగింది అన్నదాన్ని బట్టి వస్తుంది. నీడ తేలిపోయిన బొమ్మలో ఎండ కాయించడానికి ట్యూబులకి ట్యూబులు తెలుపు పిండినా లాభం లేదు.

తెలుపు నుంచి నలుపు దాకా పది మెట్లు అనుకోండి. 1 తెలుపు, 10 నలుపు. మబ్బు లేని రోజున ఒకే తెల్ల బట్ట ఎండ వైపు 2లో ఉంటే, నీడ వైపు 5కీ 6కీ మధ్య ఉంటుంది. కొత్తగా వేసేవాళ్ళు చాలామంది ఆ నీడని 3లోనో 4లోనో వేసి ఊరుకుంటారు. కారణం ఉంది. నీడనే తేరిపార చూస్తే కన్ను ఆ చీకటికి అలవాటుపడి లోపలి వివరాలన్నీ చూపిస్తుంది. మీరు చూసినదంతా వేస్తారు, నీడ కాస్తా తేలిపోతుంది. అందుకే కళ్ళు సగం మూసి, ఎండనీ నీడనీ ఒక్క చూపులో కలిపి చూడండి. నీడలో మడతలు మాయమై ఒకే ముద్దగా కనబడుతుంది. వెయ్యాల్సింది ఆ ముద్దనే.

వరస ఇలా పెట్టుకోండి: ముందు బొమ్మలోని నీడలన్నీ పల్చటి రంగుతో, మనిషి ఒంటి మీది నీడా నేల మీద పడ్డ నీడా కలిసిపోయేట్టు వెయ్యండి. ఆ తర్వాత తెల్లని, లేత రంగుల మీది ఎండ భాగాలు 2 నుంచి 4 లోపల. 1వ మెట్టుని ఆఖరి దాకా ముట్టుకోకండి. తలపాగా మడత, గిన్నె అంచు, నీటి మెరుపు లాంటి చోట్ల ఆరేడు అద్దులకి మాత్రమే అది.

ఇక సుద్ద రంగు సంగతి. తెలుపు ఏ రంగునైనా లేతగా చేస్తుంది, దానితోపాటే చల్లబరుస్తుంది కూడా. ఎండ వెచ్చనిది. అందుకని ఎర్ర చీర మీద ఎండని కాడ్మియం ఆరెంజ్‌తో లేపండి. తెలుపుతో లేపితే గులాబీ అయిపోతుంది. గడ్డి మీద ఎండని లెమన్ ఎల్లోతో లేపండి. తెల్ల బట్టకే అయితే శనగ గింజంత టిటానియం వైట్‌కి ఆవగింజంత కాడ్మియం ఎల్లో చాలు. టిటానియం చాలా బలమైన తెలుపు, మీరు వెయ్యాలనుకున్న దాంట్లో సగంతో మొదలుపెట్టండి. జింక్ వైట్ మెత్తగా కలుస్తుంది గానీ ఎండిన కొన్నేళ్ళకి పెళుసుబారుతుంది. మందంగా వేసే పనికి అది వద్దు.

ప్రశ్న: పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ చెప్పే చర్మం రంగు కలిపితే మన కూలీలు దొరల్లా తయారవుతున్నారు. దాన్నే ముదురు చేస్తే మట్టి బొమ్మల్లా ఉంటున్నారు. మన ఒంటి రంగుకి మిశ్రమం చెప్పగలరా? – తెనాలి

జవాబు: చెబుతాం. కానీ ఒకే మిశ్రమంతో పని జరగదు, కనీసం నాలుగు కావాలి. తెల్లని చర్మంలో లోపలి ఎరుపు బయటికి కనిపిస్తుంది, అక్కడి వాళ్ళ పుస్తకాలన్నీ దాని మీదే నడుస్తాయి. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఆట వేరు. ఇక్కడ చర్మం చుట్టూ ఉన్నవాటిని తన మీద చూపిస్తుంది. చెమట పట్టిందంటే మరీనూ.

ఎండ పడ్డ చోటికి: బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) రెండు పాళ్ళు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) రెండు పాళ్ళు, తెలుపు ఒక పాలు, చిటికెడు కాడ్మియం రెడ్. ఛాయ తగ్గాలంటే ఓకర్ తగ్గించి సియెన్నా పెంచండి. తెలుపు పెంచారో, మళ్ళీ దొరలే.

నీడ వైపుకి: బర్న్‌ట్ సియెన్నా రెండు, అల్ట్రామెరైన్ బ్లూ ఒకటి, క్వినాక్రిడోన్ రోజ్ (ముదురు గులాబీ) కొంచెం. తెలుపు అసలు వద్దు. మట్టి బొమ్మల్లా రావడానికి ముఖ్య కారణం నీడలో తెలుపు కలపడమే. నీడ పల్చగా, లోపలికి చూపు వెళ్ళేట్టు ఉండాలి. ఎండ మందంగా ఉండాలి.

మూడోది చాలామంది వదిలేసేది. భుజం మీద, మెడ వెనక, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, అంటే ఆకాశానికి ఎదురుగా ఉన్న చోట్ల మెరుపు తెల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది. నల్లని ఒంటి మీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. కోబాల్ట్ బ్లూ, తెలుపు సమానంగా కలిపి, అందులో సియెన్నా కొంచెం వేసి దాన్ని మసకబార్చండి. చిన్న అద్దు వేసి వదిలేయండి, మళ్ళీ కుంచె తిప్పొద్దు. సరిగ్గా సూర్యుడే ప్రతిఫలించే బిందువు ఒకటి రెండు చోట్ల ఉంటుంది. అది మాత్రం వెచ్చని లేత పసుపు.

నాలుగోది కింద నుంచి వచ్చే వెలుగు. గడ్డం కింద, మోచేతి కింద, వంగిన వాళ్ళ పొట్ట వైపు నేల రంగు పడుతుంది. ఎండిన గట్టు మీదైతే ఓకర్ కలిసిన సియెన్నా, పచ్చని చేలో ఆకుపచ్చ ఛాయ, మిర్చి కల్లంలో ఏకంగా ఎరుపు. ఎంత వెలిగినా సరే, ఇది ఎండ వైపు కన్నా కనీసం రెండు మెట్లు ముదురుగానే ఉండాలి. ఈ హద్దు దాటితే మనిషి ఒళ్ళు గాజులాగా కనిపించి, ఎండ ఎటు నుంచి పడుతోందో తెలియకుండా పోతుంది.

ఇంకొక్క పరీక్ష. ఎండలో ఉన్న గోధుమ రంగు చెయ్యి, నీడలో ఉన్న తెల్ల పంచె – ఈ రెండూ దాదాపు ఒకే మెట్టులో ఉంటాయి. నమ్మబుద్ధి కాదు. తెలుపు తెలుపే కదా అని మనసు మొరాయిస్తుంది. కానీ మీ బొమ్మలో ఆ పంచె నీడ చెయ్యి కన్నా బాగా తెల్లగా ఉందంటే, ఎండ పోయినట్టే.

ప్రశ్న: మిర్చి కల్లం వేస్తున్నాను. ఇరవై నాలుగు అంగుళాల కాన్వాస్ అంతా ఎరుపు, మధ్యలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు. ఎరుపు అరుస్తోంది, మనుషులు అతికించినట్టున్నారు. చీరల రంగులు పెంచి చూశాను, ఇంకా చెడింది. – గుంటూరు, బ్రాడీపేట

జవాబు: చీరల రంగులు పెంచకండి, తగ్గించండి. అసలు కల్లంలో చూస్తే కూలికి వచ్చినవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని రారు. వెలిసిన చీర, దాని మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, నెత్తికి తువ్వాలు. ఆ వెలిసిన నీలాలు, బూడిద రంగులు, పాత తెలుపులే ఎరుపుని పట్టి నిలబెట్టేవి. క్యాలెండర్ బొమ్మల చీరలు వేస్తే ఎరుపుకి పోటీ పెరుగుతుంది, రెండూ ఓడిపోతాయి.

ముందు ఎరుపుని ఒకే ఎరుపుగా చూడటం మానాలి. దగ్గరి కాయల్లో ఎండ తగిలిన వంపుకి కాడ్మియం రెడ్ లైట్‌లో కాస్త ఆరెంజ్. పక్క వాలుకి కాడ్మియం రెడ్ డీప్. కాయల మధ్య సందులకి క్వినాక్రిడోన్, అల్ట్రామెరైన్ కలిపిన వంకాయ రంగు. ఎండి ముడుచుకున్న కాయల్లో బర్న్‌ట్ సియెన్నా. తొక్క నున్నగా ఉంటుంది కనుక ఆకాశం మెరుపు అక్కడక్కడ మసక ఊదాగా పడుతుంది. ఇవన్నీ ముందున్న మూడో వంతు కాన్వాస్‌లోనే. మధ్య భాగంలో రెండు ఎరుపులు చాలు. దూరానికి ఎరుపులో కొంచెం తెలుపు, చిటికెడు కోబాల్ట్ కలిపి మసకబార్చండి, కుంచె గీతలు చిన్నవి చేసి అడ్డంగా పరవండి. నేల అప్పుడు పడుకుంటుంది. ఇప్పుడు మీ బొమ్మలో ఎరుపు గోడలా నిలబడి ఉంటుందని మా అనుమానం.

తాలు కాయల్ని మర్చిపోవద్దు. ఏరి పక్కన పోసిన ఆ పాలిపోయిన పసుపు కుప్పలు మీకు దొరికిన వరం. అంత ఎరుపులో కన్ను కాసేపు ఆగడానికి చోటు, పైగా ఆడవాళ్ళు అక్కడ ఎందుకు కూర్చున్నారో కూడా అదే చెబుతుంది. కింద పరిచిన పరదా పట్టా నీలం అంచు కనబడితే ఒక మూల చూపించండి, నాలుగు వైపులా వద్దు.

ఇప్పుడు మనుషులు అతికించినట్టు ఉండటం. కారణం ఒకటే, కింద ఉన్న ఎరుపు వాళ్ళ మీదికి ఎక్కలేదు. కల్లంలో కూర్చున్న మనిషి మీద నీడ వైపంతా కింద నుంచి ఎర్రని వెలుగు పడుతుంది. తెల్ల చొక్కా నీడకి తెలుపు, కోబాల్ట్, క్వినాక్రిడోన్, అణువంత కాడ్మియం రెడ్ కలిపి 5వ మెట్టుకి తెండి. నేలకి దగ్గరయ్యే కొద్దీ ఎరుపు పెంచండి, భుజం వైపు వచ్చేసరికి నీలం పెంచండి. ముఖం తువ్వాలు నీడలో ఉంటుంది కదా, అక్కడ గడ్డం నుంచి ముక్కు దాకా ఎరుపు ఎక్కుతుంది. కూర్చున్న చోట చీర అంచుని కత్తిరించినట్టు గీయొద్దు. రెండు మూడు కాయల్ని చీర మీదికి, చీర రంగుని కాయల మీదికి తడిగా ఉండగానే లాగండి.

ఒక్క జాగ్రత్త: ఎరుపు పక్కన ఏ బూడిద రంగు పెట్టినా అది కాస్త ఆకుపచ్చగా కనబడుతుంది. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఇలా మార్చేస్తాయని ఫ్రాన్స్‌లో గోబెలాన్ నేతశాల రంగుల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1839లోనే వివరంగా రాశాడు. కాబట్టి చొక్కా బూడిదలో పచ్చదనం మీరు విడిగా కలపక్కర్లేదు, ఎరుపే తెచ్చిపెడుతుంది. పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద సరిగ్గా కనిపించింది కాన్వాస్ మీద పచ్చగా మారిందని కంగారుపడి దిద్దుకుంటూ పోతే రంగు మురికవుతుంది.

ప్రశ్న: నాట్లు వేసే వాళ్ళని వేస్తే ఒక్కొక్కరూ ఒక్కో సైజులో, కొందరు గాల్లో తేలుతున్నట్టు వస్తున్నారు. వంగిన ఒళ్ళు సరిగ్గా కుదరడం లేదు. – పొన్నూరు

జవాబు: మీది డెల్టా నేల, చాప పరిచినట్టు చదును. కొండ ఊళ్ళ వాళ్ళకి లేని వెసులుబాటు ఇది. మీరు గట్టున నిలబడి వేస్తుంటే, గట్టు అడుగు ఎత్తు కన్నా ఎక్కువ లేకపోతే, మీ కంటి ఎత్తున దూరంలో ఉండే గీత, అంటే ఆకాశమూ చేనూ కలిసే గీత, పొలంలో నిలబడ్డ ప్రతి మనిషి తల దగ్గరే పోతుంది. పది గజాల్లో ఉన్నా, రెండు వందల గజాల్లో ఉన్నా అంతే. తలలన్నీ ఆ గీత మీద, పాదాలు దగ్గరయ్యే కొద్దీ కిందికి. స్టూలు మీద కూర్చుని వేస్తే అదే గీత నిలబడ్డ వాళ్ళ ఛాతీ దగ్గర కోస్తుంది. ఎలా వేసినా సరే, మధ్యలో లేచి నిలబడి మళ్ళీ కూర్చోకండి. గాల్లో తేలడం అక్కడే మొదలవుతుంది.

వంగిన మనిషి ఎత్తు, నిలబడితే ఉండే ఎత్తులో సగం కన్నా కొంచెం ఎక్కువ. 12×16 అంగుళాల కాన్వాస్ మీద నిలబడ్డ మనిషి నాలుగు అంగుళాలైతే, తల అర అంగుళం పైచిలుకు. వంగిన మనిషి రెండు, రెండుంబావు అంగుళాలు. ఇద్దరు ముగ్గురు నిలబడి నడుం పట్టుకున్న వాళ్ళు లేకపోతే కొలతకి ఆధారం ఉండదు, కనీసం ఒక్కరినైనా నిలబెట్టండి.

ఒళ్ళు కుదరకపోవడానికి కారణం, నడుం దగ్గర వంచడం. పని చేసే మనిషి తుంటి దగ్గర వంగుతుంది, వీపు దాదాపు బల్లపరుపు. అన్నిటికన్నా ఎత్తైన చోటు తుంటి. తల భుజాల కన్నా కిందికి ఉంటుంది, అందుకే ముఖం కనబడదు, నెత్తి మీది గుడ్డ మాత్రమే కనబడుతుంది. కాళ్ళు ఎడంగా, ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చెయ్యి నీళ్ళలో. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి ఉంటుంది. వెనక్కి వెనక్కి అడుగేస్తూ నాటుతారు కనుక నాటిన వరసలు వాళ్ళ ముందు ఉండాలి, వెనక కాదు. ఈ ఒక్కటి తప్పితే ఎంత మంచి బొమ్మైనా రైతు చూసి నవ్వేస్తాడు.

వేళ్ళు, గోళ్ళు, ముక్కు చెవులు వద్దు. అర అంగుళం తలలో ముఖం అంటే రెండు అద్దులు, ఎండది ఒకటి, నీడది ఒకటి. ఎనిమిదో నంబర్ పంది వెంట్రుకల ఫ్లాట్ కుంచె పట్టుకుంటే చిన్న వివరాలు వేద్దామన్నా పడవు, అదే మీకు రక్ష. వీపు ఒక్క లాగు, తుంటి నుంచి భుజం దిశగా. కాళ్ళు పై నుంచి కిందికి రెండు లాగులు. తర్వాత వెనకున్న నీటి రంగుని ఒంటి అంచు మీదికి తెచ్చి ఆకారాన్ని చెక్కండి.

నీళ్ళలో రెండు వేర్వేరు సంగతులు కలిపేయకండి. ప్రతిబింబం మనిషి పాదాల కింద నిలువుగా మీ వైపే వస్తుంది, సూర్యుడు ఎటున్నా సరే. నీడ మాత్రం సూర్యుడికి ఎదురు దిశలో పడుతుంది. దమ్ము చేసిన బురద నీటి మీద నీడ కనబడుతుంది, తేరుకున్న నీటి మీద దాదాపు కనబడదు. ప్రతిబింబంలో తెల్లని వస్తువులు కాస్త ముదురుగా, నల్లనివి కాస్త లేతగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఇంప్రెషనిస్టులు నీడలు ఊదాగా వేస్తారని అలాగే వేస్తున్నాను. చూసినవాళ్ళు సిరా ఒలికిందా అంటున్నారు. – పటమట, విజయవాడ

జవాబు: 1876లో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు రెన్వార్ చెట్ల నీడలో వేసిన ఒక స్త్రీ బొమ్మని చూసి ఫిగారో పత్రిక విమర్శకుడు ఆల్బర్ట్ వుల్ఫ్, ఒంటి మీది ఆ ఆకుపచ్చ, ఊదా మచ్చలు కుళ్ళుతున్న మాంసంలా ఉన్నాయని ఎగతాళి చేశాడు. కాబట్టి మీకు మంచి తోడే ఉంది. అయితే రెన్వార్ నియమం ప్రకారం ఊదా వెయ్యలేదు, అక్కడ కనిపించింది వేశాడు. నీడలోకి సూర్యుడి వెలుగు రాకపోయినా ఆకాశపు వెలుగు వస్తుంది, అది నీలం. ఆ నీలం ఏ నేల మీద పడితే ఆ నేల రంగుతో కలుస్తుంది. నల్లరేగడి మీద ముదురు నీలి బూడిద. ఎర్రమట్టి దారి మీద వంకాయ వైపు మొగ్గిన గోధుమ. వరి గడ్డి మీద ఆకుపచ్చ కలిసిన ఓకర్. తెల్ల బట్ట మీద మాత్రమే నిజంగా నీలం, ఊదా.

ఇంకో ఇంప్రెషనిస్టు మోనే 1875లో తన భార్యని గొడుగుతో, కింద నుంచి చూసినట్టు వేసిన బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, అచ్చుల్లో చూసే ఉంటారు. తెల్ల గౌను నీడలో నీలాలతోపాటు గడ్డి నుంచి తిరిగొచ్చిన పసుపు, పచ్చ కూడా ఉంటాయి. ఆ పసుపు లేకపోతే అది సిరాయే.

పని సులువు చేసుకోవాలంటే, నేల ఎండ రంగు కలిపిన ముద్దలోంచే సగం విడదీసి, దాంట్లో అల్ట్రామెరైన్, కొంచెం క్వినాక్రిడోన్ వేసి నాలుగు మెట్లు దించండి. విడిగా ఊదా కలపకండి. మనిషి పాదం దగ్గర నీడ ముదురుగా, అంచు గట్టిగా. తల నీడ పడే కొన దగ్గర అంచు మెత్తబడుతుంది, రంగు కాస్త లేతబడి నీలం ఎక్కువవుతుంది.

ప్రశ్న: ఫోటో చూసి వేస్తే తప్పా? పొలానికి వెళ్తే ఏ వేళ మంచిది? – మంగళగిరి

జవాబు: తప్పేమీ కాదు. అయితే ఫోన్ కెమెరా నీడల్ని నల్లగా ముంచేస్తుంది, లేదా తనకు తానే లేపేసి ఎండని చప్పగా చేస్తుంది. రెండూ అబద్ధాలే. అదే చోట రెండు ఫోటోలు తీయండి, ఒకటి తెల్ల బట్ట మీద వేలితో నొక్కి, రెండోది నీడ మీద నొక్కి. భంగిమలు ఫోటో నుంచి, రంగులు అక్కడికక్కడే వేసుకున్న అరచేతి సైజు రంగు నమూనా నుంచి తీసుకోండి.

వేళ మాటకొస్తే, మన దగ్గర మే మొదటి వారంలోనూ ఆగస్టు తొలి పది రోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినే ఉంటాడు, నీడ కాళ్ళ కిందే. ఆ చుట్టుపక్కల నెలల్లో పది నుంచి రెండున్నర దాకా మనుషులకి ఆకారమే తెలియదు. పైనంతా ఎండ, కిందంతా నీడ. జనవరి వేరు. ఎనిమిదిన్నరకి మనిషి నీడ మనిషికి రెండింతల పైన ఉంటుంది, పదింటికి మనిషి కన్నా కొంచెం పొడవు, మధ్యాహ్నం కూడా ముప్పాతిక వంతు ఉంటుంది. మిర్చి కోతలు అప్పుడే కనుక ఎనిమిదిన్నర నుంచి పది మంచి సమయం. నీడల హద్దులు మొదటి పది నిమిషాల్లోనే కాన్వాస్ మీద గుర్తుపెట్టేయండి. తర్వాత సూర్యుడు ఎంత జరిగినా వాటిని మార్చొద్దు. మార్చుకుంటూ పోతే కుడి వైపు మనిషికి ఎనిమిదిన్నర, ఎడమ వైపు మనిషికి పది అవుతుంది.

ప్రశ్న: బయట బాగుందనుకున్న బొమ్మ ఇంటికి తెస్తే నల్లగా, మురికిగా కనబడుతోంది. – గుణదల

జవాబు: కాన్వాస్ ఎండలో పెట్టి వేశారు. ఎండలో తెల్ల కాన్వాస్ కళ్ళు చెదరగొడుతుంది, ఆ వెలుగులో ప్రతి రంగూ లేతగా కనిపిస్తుంది, మీరు దించుకుంటూ పోతారు. కాన్వాస్, పాలెట్ రెండూ నీడలో ఉండాలి, ఒకే నీడలో. మామూలు నల్ల గొడుగు చాలు. నీలం గొడుగో, రంగురంగుల గొడుగో వేస్తే ఆ రంగంతా కాన్వాస్ మీదే పడుతుంది. చొక్కా కూడా మసక రంగుది వేసుకోండి, ఎర్ర చొక్కా తడి రంగు మీద మెరుస్తుంది.

మురికికి కారణం వేరు. తడి మీద తడి వేసేటప్పుడు ఒక్కో అద్దుకీ కుంచె తుడవాలి, గుడ్డతో గట్టిగా. ఎండకి ఒక కుంచె, నీడకి ఒక కుంచె విడిగా పెట్టుకుంటే సగం మురికి అక్కడే ఆగుతుంది. పెట్టిన అద్దుని రెండుసార్ల కన్నా కదిపితే కింది రంగు పైకొస్తుంది. పోయిన చోటు దిద్దకండి, పాలెట్ నైఫ్‌తో గీకి శుభ్రంగా మళ్ళీ వెయ్యండి.

ముందే కాన్వాస్‌కి బర్న్‌ట్ సియెన్నా టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పూసి గుడ్డతో తుడిచేస్తే తెల్లదనం పోతుంది, పచ్చని చేల సందుల్లోంచి ఆ వెచ్చదనం తొంగి చూస్తుంది. మిర్చి కల్లానికి మాత్రం ఇది వద్దు. అక్కడ లేత బూడిద పూత మేలు.

ప్రశ్న: నలుపు అసలు వాడకూడదా? జుట్టుకి ఎలా? – నందిగామ

జవాబు: ఫ్రెంచి చిత్రకారుడు మానే జీవితమంతా వాడాడు, రెన్వార్ కూడా వాడాడు. నిషేధం ఏమీ లేదు. ఎండ బొమ్మలో మాత్రం ట్యూబు నలుపు గుంట పడ్డట్టు కనిపిస్తుంది. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా సమానంగా కలిపితే కావలసినంత నలుపు వస్తుంది, అవసరాన్ని బట్టి వెచ్చగానో చల్లగానో తిప్పుకోవచ్చు. నూనె రాసిన జుట్టు పైన నీలి మెరుపు ఒక అద్దు.

ప్రశ్న: రంగుల షాపులో అమ్మే టర్పెంటాయిల్ వాడొచ్చా? ఖరీదైన ట్యూబులే కొనాలా? వానల్లో బొమ్మ వారాల తరబడి ఆరడం లేదు, ఏం చెయ్యాలి? – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తలుపులకి రంగేసేవాళ్ళు కొనే టర్పెంటాయిల్ చాలావరకు పెట్రోలియం సరుకు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. మరక మిగలకపోతే కుంచెలు కడగడానికీ, మొదటి పల్చటి పూతకీ పనికొస్తుంది. జిడ్డు మరక మిగిలితే కుంచెలకి తప్ప వద్దు. కిరోసిన్ దేనికీ వద్దు.

ట్యూబులన్నీ ఖరీదైనవి అక్కర్లేదు. సియెన్నా, ఓకర్, అల్ట్రామెరైన్ మన దేశపు కంపెనీలవి బాగానే పనిచేస్తాయి. డబ్బు పెట్టాల్సింది ఎరుపు, పసుపుల మీద. పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే అందులో అసలు కాడ్మియం ఉండదు, తెలుపు కలిపితే తొందరగా నీరసపడుతుంది. అలిజరిన్ క్రిమ్‌సన్ ట్యూబు మీద పీఆర్ 83 అని (రంగు పదార్థాన్ని తెలిపే కోడ్) ఉంటే అది వెలుగుకి వెలిసిపోయే రకం, పల్చగా వేసినచోట మరీ తొందరగా. పీవీ 19 ఉన్న క్వినాక్రిడోన్ తీసుకోండి, మేము పైన అన్నిచోట్లా దాన్నే చెప్పింది అందుకే.

ఆయిల్ రంగు నీళ్ళ రంగులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. తేమ ఎక్కువైతే నెమ్మదిస్తుంది. సియెన్నా, కోబాల్ట్ తొందరగా గట్టిపడతాయి, కాడ్మియంలు, క్వినాక్రిడోన్ ఆలస్యం. అందుకని మందంగా వేసిన కాడ్మియం ఎరుపు మీద పల్చటి సియెన్నా పూత వేస్తే పైది ముందు గట్టిపడి, కింది రంగు కదిలినప్పుడు పగులుతుంది. కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ అవిసె నూనె ఎక్కువ, ఈ వరస తప్పొద్దు. తొందరపడి బొమ్మని ఎండలో పెట్టకండి, ఫ్యాన్ గాలి తగిలే వెలుతురు గదిలో గోడకి రెండంగుళాల ఎడంతో ఉంచండి. గోడకి ఆనిస్తే వానాకాలంలో కాన్వాస్ వెనక బూజు పడుతుంది. చీకటి బీరువాలో పెడితే అవిసె నూనె పసుపుబారుతుంది. అలా పసుపుబారినదాన్ని కొన్నాళ్ళు పగటి వెలుతురులో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. వార్నిష్‌కి ఆరు నెలలు ఆగండి, మందపు అద్దులు ఉంటే ఏడాది.

కాన్వాస్ మీద నేరుగా నూనె రంగు పడితే నూలు పీచు కుళ్ళుతుంది. జెస్సో (రంగు వేసే ముందు కాన్వాస్‌కి పూసే తెల్లటి పూత) రెండు పూతలు తప్పనిసరి. గోడల ప్రైమర్, డిస్టెంపర్ దానికి బదులు కావు.

చివరగా, ఎవరూ అడగకపోయినా చెప్పాల్సింది. అవిసె నూనె, ఆయిల్ రంగు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. వేసవిలో మన ఊళ్ళ వేడికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పని అవగానే గుడ్డల్ని నీళ్ళలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వెయ్యండి. లేదా ఒక్కొక్కటీ విడిగా పరిచి, ఆరుబయట తీగ మీద గట్టిపడేదాకా ఆరేసి, ఆ తర్వాత పారెయ్యండి.